పెద్దాయన పెట్టిన సాకెట్టు

నర్సమ్మ కారు మూడోసారి షెడ్డుకి వచ్చింది. కరెంటు కారు. ఛార్జింగుకి పెడితే గంట తిరక్కుండానే దానంతటదే ఆగిపోతోంది. పొద్దున్నే డ్యూటీకి బయలుదేరబోతే బ్యాటరీ సగం కూడా నిండి ఉండదు.

"ఈసారి మా ఇంట్లో కాదన్నా, ఆసుపత్రి దగ్గర పెట్టాను. అక్కడా ఆగింది" అని తాళం బల్లమీద పడేసి, ఆమె బస్సు కోసం పరుగెత్తింది.

మెకానిక్కు గుండెల్లో రాయి పడింది. చేతిలో మీటరు లేకుండా అన్నం కూడా తినడని అతన్ని అందరూ 'మీటరు' అనే పిలుస్తారు. అలాంటివాడు పోయిన నెల ఈ కారు రెండోసారి వచ్చినప్పుడు, ఒక్క పూట మీటరు పెట్టకుండా నోరు పెట్టాడు. షెడ్డులో కారు శుభ్రంగా ఛార్జయింది. తప్పు కనబడలేదు. కనబడలేదని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది.

"ఇంట్లో సాకెట్టు ఎవరు పెట్టారమ్మా?" అని అడిగాడు.

"మా మావయ్య. ముప్పై ఏళ్ళు వైరింగు పని చేశాడు."

"అదీ సంగతి! పాత చెయ్యి. ఎర్తు సరిగ్గా ఉండదు. ఛార్జరు మాడ్యూలుకి ఒళ్ళు మండి ఆపేస్తోంది" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. తలూపి వెళ్ళిపోయింది.

ఇవాళ తీరిగ్గా స్కానరు తగిలించాడు. ఎంత కరెంటు తీసుకోవాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే చిన్న పెట్టె ఆ మాడ్యూలు. అది మధ్యమధ్యలో పలకడం లేదని స్కానరు చెప్పింది. కారుని ఛార్జింగుకి పెట్టి, మాడ్యూలుకి వెళ్ళే వైర్ల కట్టని పట్టుకుని ఊపాడు. టక్కున ఆగిపోయింది. వదిలేస్తే మళ్ళీ ఎక్కింది. ఊపితే ఆగింది.

అన్నీ ఆపేసి కనెక్టరు ఊడదీశాడు. పన్నెండు రంధ్రాలు. సరిపడే పిన్ను ఒక్కోదాంట్లో దూర్చి లాగి చూశాడు. పదకొండు రంధ్రాలు దూడ పొదుగు పట్టినట్టు పిన్నుని పట్టుకున్నాయి. ఒక్కటి మాత్రం పట్టు లేకుండా జారవిడిచింది. లైటు వేసి చూస్తే దానిలోపలి గొట్టంలాంటి పిన్ను మూతి సాగి, బార్లా తెరుచుకుని ఉంది. అరుగుదల కాదు. ఎవరో లావుపాటిది బలవంతాన కుక్కారు.

ఎవరో ఏమిటి, తనే. మొదటిసారి ఈ కారు, లైట్లకీ హారనుకీ ఉండే చిన్న బ్యాటరీ నీరసించి వచ్చినప్పుడు రీడింగు కావాల్సి వచ్చింది. ఆ రంధ్రాల్లో పెట్టాల్సిన సన్నపు సూదులు పై సొరుగులో ఉన్నాయి. చేతులకి గ్రీజు. కడుక్కుని, స్టూలెక్కి తీయాలి. బద్ధకించి మీటరు వైరు చివరుండే లావుపాటి సూదినే దూర్చేశాడు. రీడింగు వచ్చిందని సంబరపడ్డాడు కూడా.

"ఏంట్రా బామ్మర్దీ, దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయావ్?" అన్నాడు షెడ్డు యజమాని. మెకానిక్కుకి సొంత అక్క మొగుడు.

ఉన్నదంతా చెప్పాడు.

"ఓస్ ఇంతేనా! పిన్ను మార్చు, వైరు పాతబడిందను, తాళం చేతిలో పెట్టు."

"వాళ్ళ మావయ్యని అనేశాను బావా."

"ఆయన విన్నాడా?"

"ఆవిడ విందిగా. ఇంటికెళ్ళి చెప్పకుండా ఉంటుందా?"

"అయితే ఇక్కడ నా ప్రాణం తియ్యక వెళ్ళి చెప్పిరా. మీ అక్కా ఇంతే, నిద్రపోనివ్వదు. వంశంలోనే ఉంది."

కొత్త పిన్ను వేసి, రెండు గంటలు ఛార్జింగులో పెట్టి, కట్టని ఎంత కుదిపినా ఆగలేదు. మధ్యాహ్నం తనే కారు నడుపుకుంటూ నర్సమ్మ ఇంటికి వెళ్ళాడు.

వరండాలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బక్కపలచటి మనిషి. మెకానిక్కు ఛార్జింగు వైరు తీసి గోడ దగ్గరకి వెళ్ళబోతే గట్టిగా అరిచాడు.

"దాన్ని ముట్టుకోకయ్యా! దాని మెయిన్ కట్టేశాను. అది మంచిది కాదు."

సాకెట్టు మీద అడ్డంగా, నిలువుగా నల్లటేపు అంటించి ఉంది.

"అది మంచిదే బాబాయ్. తప్పు నాది" అంటూ మెకానిక్కు వరండా మెట్టుమీద కూలబడ్డాడు. సూది సంగతీ, సాగిన పిన్ను సంగతీ, మీటరు పెట్టకుండా అన్న మాటా ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

పెద్దాయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"దీన్ని తొమ్మిదిసార్లు విప్పాను. తప్పు దొరకలేదు. దొరక్కపోయేసరికి, ఇక కళ్ళు కూడా పోయాయనుకున్నాను. ఈ వీధిలో పదకొండు ఇళ్ళకి వైరింగు నాదే. ప్రతి ఇంటికీ వెళ్ళి, 'అమ్మా, ఫ్రిజ్జు ముట్టుకుంటే జిల్లుమంటోందా' అని అడిగాను. తాతకి చాదస్తం పట్టుకుందని పిల్లలు నవ్వారు. నవ్వనీ. ఎవరికైనా షాకు కొడితే?"

మెకానిక్కు చేతిలోని ఛార్జింగు వైరుని చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక ఇంట్లో దొరికింది. బట్టలు ఉతికే మిషను దగ్గర ఎర్తు వైరు ఊడింది. బిగించాను."

మునిగేవాడికి కర్ర దొరికినట్టయింది మెకానిక్కుకి. "చూశారా! నేను అలా అనబట్టేగా అది బయటపడింది. ఏదో మంచే..."

"ఆగు" అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. "ఆ ఇంట్లో తప్పు నాది. నేను చూసుకున్నాను. దాన్ని నీ ఖాతాలో వేసుకోకు. ఈ ఇంట్లోది నీది. కోడలొచ్చేదాకా కూర్చో."

కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు.

సాయంత్రం నర్సమ్మ వచ్చింది. ముడతలు పడ్డ యూనిఫాం, భుజాన సంచి. కారుని చూసి నవ్వబోయి, ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది. మెకానిక్కు లేచి నిలబడి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. రెండోసారి చెప్పడం తేలికవుతుందనుకున్నాడు గానీ, ఇంకా బరువెక్కింది.

ఆమె తిట్టినా బాగుండేది. సంచి కిందకి జారింది.

"నీ మాట పట్టుకుని పిల్లల ముందే అన్నానన్నా. ఇంట్లో ఇంక కరెంటు వస్తువేదీ ముట్టుకోవద్దు మావయ్యా అని..."

పెద్దాయన గోడవైపు చూస్తూ అడిగాడు.

"వేడెక్కడం లేదన్నావే, ఆ ఇస్త్రీపెట్టె ఎవరికిచ్చావమ్మా బాగుచెయ్యడానికి?"

"ఎవరికీ ఇవ్వలేదు మావయ్యా. మంచం కింద ఉంది."

"తీసుకురా."

ఆమె గబగబా లోపలికి వెళ్ళింది. పెద్దాయన లేచి సాకెట్టు మెయిన్ వెయ్యడానికి ఇంటి వెనక్కి నడిచాడు. మెకానిక్కుని ఉండమని గానీ, వెళ్ళమని గానీ ఇద్దరిలో ఎవరూ అనలేదు. తాళం ఎవరి చేతికివ్వాలో తెలియక, పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.