మూడో తొట్టిలో చేతివాటం

మా చేపల డాక్టరమ్మ మాట్లాడిన రోజు మేనేజరుగారు మెలకువగా ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. పూర్తిగా నిద్రపోయినా ఉండేది కాదు. ఆయన సగం నిద్రపోయి సగం విన్నారు.

నేను ఆ పరిశోధనశాలలో చేపల తొట్టెలు చూసుకుంటాను. నాకు ముందు మా నాన్న చూసుకునేవారు. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, లైట్లు వేసి, గాలి బుడగలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసి, సన్నటి గొట్టంతో అడుగున చేరిన మురికి లాగేసి, మేత చల్లుతాను. అవి వేలెడంత కూడా ఉండని చారల చేపలు. డాక్టరమ్మ వాటి మెదడు మీద పరిశోధన చేస్తారు. ఏం చేస్తున్నారో ఏడాదికోసారి సిబ్బంది అందరికీ మామూలు మాటల్లో చెప్పాలని పైవాళ్ల ఆజ్ఞ.

"చేప మెదడు రెండు పక్కలా ఒకేలా కనిపిస్తుంది గానీ, కాదు," అన్నారు ఆవిడ. "లోపల ఒక చిన్న ముడి ఎడమ పక్క ఒక తీరుగా, కుడి పక్క ఇంకో తీరుగా ఉంటుంది. కొన్ని చేపల్లో ఆ తేడా తిరగబడుతుంది. అలా తిరగబడటం కొన్ని వంశాల్లో ఎక్కువ. దాంతోపాటు వాటి నడవడీ కొంత మారుతుంది. కొత్త వస్తువును ఏ కంటితో చూస్తుంది, లైటు ఆరితే ఏ పక్కకు తిరుగుతుంది, ఇలాంటివి. మన చేతివాటం లాంటిదే అనుకోండి. మూడో తొట్టిలో ఈ చేతివాటం తండ్రి నుంచి పిల్లలకు వస్తోందని తేలింది."

అందరం చప్పట్లు కొట్టాం. మేనేజరుగారు ఆ చప్పుడుకి లేచి, మాకంటే గట్టిగా కొట్టారు.

నాకు ఆ రోజు కడుపు నిండినట్టయింది. నాది ఎడమచెయ్యి. చిన్నప్పటి నుంచీ 'పుర్రచెయ్యి' అని వెక్కిరింపులే తప్ప దానికొక గౌరవమైన పేరుందని నాకు తెలియదు. డాక్టరమ్మ అంత పెద్ద సభలో చేతివాటం అన్నారు, దానికి చప్పట్లు కూడా పడ్డాయి.

మర్నాడు మూడో తొట్టికి తాళం వేసి ఉంది. దాని ఎదురుగా కుర్చీ వేసుకుని గార్డు కూర్చున్నాడు. అంతలో గోడకున్న స్పీకర్లోంచి మేనేజరుగారి గొంతు వినిపించింది. "మూడో తొట్టి గదిలోంచి చేతివాటం ఉన్నవాళ్లెవర్నీ నేను మైకులో చెప్పేదాకా బయటికి పోనివ్వకు!"

"చేపలెక్కడికి పోతాయి బాబాయ్?" అని అడిగాను.

"నాకేం తెలుసురా. అడిగితే నాకూ ఉందంటారు," అన్నాడు గార్డు, చేపల మీంచి చూపు తిప్పకుండా.

ఆ రోజే డాక్టరమ్మ ఏదో సమావేశానికని ఊరెళ్లారు. మధ్యాహ్నం మేనేజరుగారి గది నుంచి నాకు పిలుపొచ్చింది. గదిలో మేనేజరుగారు, పక్కన స్టోరు రూము చూసే అక్క.

"నీ మీద నాకు కోపం లేదయ్యా," అన్నారు మేనేజరుగారు. "అడిగినదానికి నిజం చెప్పు. నీకు చేతివాటం ఉందా?"

"ఉందండి," అన్నాను. దేవుణ్ణి నమ్మినవాణ్ణి, లేదని ఎలా చెప్పను?

స్టోరు అక్క గబుక్కున తన సంచి ఒళ్లోకి తీసుకుంది.

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచండి. మా అమ్మ ఎంత కొట్టినా పోలేదు."

"డ్యూటీలో కూడానా?"

"డ్యూటీలోనే ఎక్కువండి. ఇంట్లో మా ఆవిడ ఒప్పుకోదు."

"మరి మీ నాన్నకు?"

"ఆయన ముందు నేనెంతండి! ఆయన చెయ్యి ఎలా ఆడేదో చూడ్డానికి అప్పటి పెద్ద ఆఫీసరు పనిగట్టుకుని వచ్చేవారు."

మేనేజరుగారు మంచినీళ్లు తాగారు. "పిల్లలున్నారా?"

"ఒక పాపండి. దానికి చెంచా పట్టుకోవడం రాకముందే బయటపడింది."

"మాన్పించలేదా?"

"ఎందుకండీ? దేవుడిచ్చింది. రోజూ దగ్గర కూర్చోబెట్టుకుని నేనే సాధన చేయిస్తున్నాను."

స్టోరు అక్క చెవులు మూసుకుంది. మేనేజరుగారు రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు. ఎడమచెయ్యి ఉన్నందుకు ఇంత శిక్షా అని అనుకుంటూ ఇంటికి నడిచాను.

సంగతంతా విని మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "చేతివాటం అంటే దొంగతనం కదయ్యా మహానుభావా! స్టోరులో బల్బులు మాయమైతే వాళ్లు అనే మాట అదే కదా! మీ నాన్ననీ, పిల్లనీ కూడా కలిపి ఒప్పుకుని వచ్చావా?"

"డాక్టరమ్మ అలా అనలేదే."

"డాక్టరమ్మకేం, చేపలతో మాట్లాడుకుంటుంది. మనం మనుషుల మధ్య బతకాలి."

పని పోతే ఇంకో పని దొరుకుతుంది. కానీ సంగతి అప్పటికే బడిదాకా పోయింది. అంతకు ముందే మా పాప నేను చెప్పిన కొత్తమాటను టీచరు దగ్గర గర్వంగా చెప్పింది: "మా నాన్నకీ నాకూ చేతివాటం ఉంది." ఇప్పుడు క్లాసులో ఎవరి పెన్సిలు పోయినా ముందు దాని సంచే వెతుకుతున్నారు. పాప ఎడమచెయ్యి గౌను జేబులోంచి తియ్యడం మానేసింది. అన్నం ముందు కూర్చున్నా తియ్యదు. కుడిచేత్తో తంటాలు పడుతూ సగం ఒంటి మీదే పోసుకుంటుంది.

పొద్దున దేవుడి ముందు నిలబడి అడిగాను. "స్వామీ, దండం పెట్టేటప్పుడు రెండు చేతులూ కలిపే పెడతాం కదా. ఇందులో ఏది మంచిదని నువ్వెప్పుడైనా అడిగావా? పైగా మాకు ఎదురుగా నిలబడ్డవాడివి, నీ కుడి మాకు ఎడమవైపే కదా." అడగడం నా వంతు గనక అడిగాను.

డాక్టరమ్మ ఊరినుంచి రాగానే సంగతి విని మేనేజరుగారి గదిలోకి దూసుకెళ్లారు.

"చేపకు చేతులే లేవు, చేతివాటం ఎక్కడిదమ్మా?" అన్నారట ఆయన. "మీరు మెత్తటి మనుషులు. అతన్ని వెనకేసుకొస్తున్నారు. అతను స్వయంగా ఒప్పుకున్నాడు."

"అయితే కళ్లారా చూద్దురుగాని, రండి," అన్నారట ఆవిడ.

నాకు కబురొచ్చింది. బడి సెలవు గనక పాపనూ తీసుకెళ్లాను. మూడో తొట్టి గదిలో మేనేజరుగారు, స్టోరు అక్క, గార్డు. చేపల్ని చిన్న గుండ్రటి గిన్నెల్లో విడివిడిగా ఉంచారు. పైన చీకట్లో కూడా చూడగలిగే కెమెరా, పక్కన తెర.

"లైటు ఆర్పుతాను. చేపలు ఏ పక్క తిరుగుతాయో తెరమీద చూడండి," అంటూ డాక్టరమ్మ స్విచ్చి నొక్కారు.

తెరమీద చేపలన్నీ ఎవరో పిలిచినట్టు ఎడమకు సుడి తిరిగాయి. వాటితోపాటే గదిలో ధబ్బుమని చప్పుడైంది. లైటు వేస్తే మేనేజరుగారు తన ఎడమ పక్కనున్న బీరువాకు ఆనుకుని ఉన్నారు.

"చీకటంటే నాకు పడదు," అన్నారు మోచెయ్యి రుద్దుకుంటూ. "ఏదీ, మళ్లీ ఒకసారి."

మళ్లీ ఆర్పారు. చేపలు ఎడమకు. ధబ్బు, అదే బీరువా.

"అయ్యో! సారుకీ ఉంది చేతివాటం!" అంది స్టోరు అక్క.

"ఒక మనిషి రెండుసార్లు తిరిగితే ఏమీ తేలదండీ," అని డాక్టరమ్మ అంటూనే ఉన్నారు, ఎవరూ వినలేదు. ఎందుకంటే గార్డు లేచి, కుర్చీని తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"ఏంటయ్యా ఇది? లే!" అన్నారు మేనేజరుగారు.

"తమరి ఆర్డరే సార్. చేతివాటం ఉన్నవాళ్లెవర్నీ పోనివ్వొద్దన్నారు."

"నేను మేనేజర్ని!"

"మీరు కాదని నేననలేదు సార్."

"చేతివాటం అంటే దొంగతనం కాదయ్యా! అది... అది పుట్టుకతో వచ్చే వాటం. తప్పేం కాదు! లే!"

"నాకు నోటిమాట చాలదు సార్. మైకులో చెప్పేదాకా అన్నారు, మైకులోనే చెప్పాలి."

మైకు మేనేజరుగారి గదిలో ఉంది. ఆయన ఈ గదిలో ఉన్నారు. చివరికి స్టోరు అక్కకే ఏ వాటమూ లేదని గార్డు ఆమెను వదిలాడు. ఆమె వెళ్లి, తీగ సాగినంత మేరా మైకు లాక్కొచ్చింది. మేనేజరుగారు తలుపు సందులోంచి మెడ చాచి, ఆవరణంతా దద్దరిల్లేలా చెప్పారు:

"అందరూ వినండి! చేతివాటం దొంగతనం కాదు! తొట్టెల మనిషి దొంగ కాదు! వాళ్ల నాన్న కాదు, వాళ్ల పాప కూడా కాదు! ఇంక నన్ను బయటికి వదలండి!"

పక్కనే మా పాప బడి. సెలవు రోజైనా సంగీతం క్లాసుకి వచ్చిన పిల్లలూ, టీచరూ ప్రహరీ మీంచి తొంగి చూశారు.

గార్డు కుర్చీ తీశాడు. నేను తొట్టి మూత తీసి, చేపల్ని వెనక్కి వదిలి, మేత డబ్బా అందుకున్నాను. పాప జేబు వంక చూశాను. కాసేపటికి అది చెయ్యి బయటికి తీసి, చిటికెడు మేత తీసుకుని నీళ్లలో చల్లింది. చారల చేపలన్నీ పైకొచ్చాయి.

"సార్, మీకు మీ నాన్న నుంచి వచ్చిందా?" అని పాప అడిగింది మేనేజరుగారిని.

"మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా," అన్నారు ఆయన, చెమట తుడుచుకుంటూ.

పాప ఎడమచెయ్యి ఊపింది. ఆయన కూడా ఎడమచెయ్యే సగం పైకెత్తి, చుట్టూ చూసి, దాన్ని దించి కుడిచెయ్యి ఊపారు.