కొవ్వు ఆరకముందే

మా ఊరికంతటికీ కొవ్వొత్తులు చేసిపెట్టే కెజీయా కవిత్వం రాస్తుందని చాలాకాలం నాకొక్కదానికే తెలుసు. పక్కింటిదాన్ని కదా. మసాచుసెట్స్ తీరంలో అప్పట్లో మంచి కాగితం బోధకులవారి బల్ల మీద తప్ప కనిపించేది కాదు. పాత పంచాంగాల అంచుల మీద, చీమల బారులాంటి అక్షరాలతో రాసుకునేది కెజీయా.

ఆ ఏడాది ఆకులు రాలేవేళ గొంతువాపు జ్వరం వచ్చి ఆమె కూతురు దమారి పోయింది. నాలుగేళ్ల పిల్ల. మొగుడు అంతకుముందే చేపల పడవతో పాటు మునిగిపోయాడు. పిల్లని పాతిపెట్టి వచ్చిన మూడోవారం కెజీయా నా చేతిలో ఒక కాగితం పెట్టింది.

"చదివి ఇచ్చెయ్యి మెహేతబేలూ. ఎవరికీ చూపించకు."

చదివాను. పొయ్యి మీద మొక్కజొన్న జావ మాడి వాసనొస్తున్నా లేవలేకపోయాను. ఉండబట్టలేక నకలు రాసుకుని మా ఆడపడుచుకి చూపించాను. ఆమె ఇంకొకరికి చూపించింది. పదిరోజులు తిరక్కుండా అది సంఘ పెద్ద జెబులూను చేతిలో పడింది. కెజీయా దేవుడి మీద సణుగుతోందని ఆయన ఫిర్యాదు పెట్టాడు. గురువారం ప్రసంగం అయ్యాక అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకోవాలన్నాడు.

కబురు తెలిసి కెజీయా మా గుమ్మంలోకి వచ్చింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ ఇచ్చాను చూడు, బుద్ధి నాకుండాలి," అని వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

గురువారం మందిరం నిండిపోయింది. ఆడవాళ్లం ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. కెజీయా మధ్యలో నిలబడింది. కొవ్వు చిట్లి కాలిన మచ్చలున్న చేతులు కట్టుకుని, తల మాత్రం దించలేదు.

మా బోధకులు ఎల్నాతాను అయ్యగారికి అప్పటికే కళ్లలో పొరలు కమ్మాయి. ఏదైనా నేనే చదివి వినిపించేదాన్ని.

"చదువమ్మాయ్," అన్నారు. "మెల్లిగా."

చదివాను.

*ఆయన కొవ్వు కాచును, ఆయన వత్తి పేనును,*
*ముంచి ఆరబెట్టి మళ్లీ ముంచును, ఆయనకు తొందర లేదు.*

*నా బిడ్డను తీసుకున్నావు నువ్వు, కొవ్వు ఆరకముందే.*
*వేడి వత్తి వంగిపోవునని నీకు తెలియదా?*

*వంగినదాన్ని నేను. నువ్వే నిలబెట్టు, నువ్వే వెలిగించు.*

"విన్నారుగా!" జెబులూను లేచాడు. "నీకు తెలియదా అట! దేవుడికి పని నేర్పుతోంది, కొవ్వొత్తుల మనిషి!"

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు నవ్వలేదు. "మళ్లీ చదువు," అన్నారు. చదివాను. "ఇంకోసారి." మూడోసారీ చదివాను.

"మొదటి రెండు పాదాల్లో దేవుణ్ణి ఏమని పిలిచింది?" అని నన్నడిగారు.

"'ఆయన' అందండీ."

"బిడ్డ పోయిన పాదంలో?"

చూశాను. అన్నిసార్లు చదివినా నాకది తట్టలేదు. "'నువ్వు' అందండీ."

"అవును. వత్తి పేనుతున్నంతసేపూ దేవుడు దూరంగా పనిచేసుకునే 'ఆయనే'. గుండె పగిలిన చోట 'నువ్వు' అయ్యాడు. జెబులూనూ, నమ్మకం పోయినవాడు వీపు తిప్పుకుని, ఆయన అన్యాయం చేశాడని ఊరికి చెబుతాడు. ఈమె ఊరితో ఒక్క ముక్క అనలేదు. ఎదురెళ్లి ఆయన్నే అడిగింది."

"అడగడం కాదు అయ్యగారూ, నిలదీయడం," అన్నాడు జెబులూను.

"నిలదీశాను," అంది కెజీయా. మందిరం ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. "కోపంతోనే రాశాను. కాదంటే అబద్ధం. కానీ అయ్యగారు చెప్పింది నాకూ ఇప్పుడే తెలిసింది. ఆ మాట మారిందని నేను చూసుకోలేదు."

"నీ చెయ్యి చూసిందమ్మా," అన్నారు అయ్యగారు. "నలభై ఏళ్లుగా ఈ బల్ల దగ్గర నిలబడి ప్రార్థన గురించి చెబుతున్నాను. ఈ ఐదు పాదాల్లో ఉన్నంత నేనెప్పుడూ చెప్పలేకపోయాను. ఇందులో ఒప్పుకోవాల్సిన తప్పు నాకు కనపడలేదు. నీకు కనిపిస్తే చెప్పు జెబులూనూ, ఆ మాట ఇందులోంచి తీసేద్దాం."

జెబులూను వచ్చి నా చేతిలో కాగితం తీసుకున్నాడు. కిటికీ వెలుగులోకి తిప్పుకుని, పెదవులు కదుపుతూ చాలాసేపు చదువుకున్నాడు.

"ముగ్గురు కొడుకుల్ని పాతిపెట్టాను," అన్నాడు చివరికి, ఎవరివైపూ చూడకుండా. "పన్నెండేళ్లుగా ఆయన చిత్తం, ఆయన చిత్తం అనే అంటున్నాను."

జెబులూను భార్య ఆడవాళ్ల వైపు ముందు బల్లలో కూర్చుని ఉంది. ఏప్రన్ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. గాలికి తలుపు గొళ్లెం కొట్టుకుంటోంది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు జెబులూను. గొంతు సవరించుకుని, "లయ మాత్రం రెండుచోట్ల కుంటుతోంది," అన్నాడు.

"ఎక్కడ?" అంది కెజీయా. నిందకి చలించని మనిషి ఆ మాటకి గబగబా ముందుకొచ్చేసింది.

జనం ఇళ్లకి మళ్లుతుంటే వాళ్లిద్దరూ ఆ కాగితం మీదికి వంగి, వేళ్లతో బల్ల మీద తాళం వేసుకుంటూ వాదించుకుంటున్నారు. ఒకచోట ఆయన చెప్పింది ఒప్పుకుని మార్చింది. రెండోచోట ససేమిరా అంది.

నాతో మాట్లాడటానికి మాత్రం కెజీయాకి నెల పట్టింది.