బల్ల దగ్గర సగం ముక్క

మా మందిరంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లే రొట్టె, ద్రాక్షరసం ముట్టుకోవాలి. ఆ పొద్దున నేనేమీ తినను. నా కూతురు కళ్యాణి చిన్నది, దానికి ఉపవాసం లేదు. కానీ వానకు కట్టెలు అంటుకోక వంట కాలేదు. దాన్ని కూడా ఖాళీ కడుపుతోనే తీసుకుపోయాను.

రేకుల మీద వాన మోత. మా పాస్టరు తిరుపతి అయ్యగారు గొంతు పెంచి చెప్తున్నారు. యోగ్యత లేకుండా ఈ బల్లలో చెయ్యి పెట్టినవాళ్లలో కొందరు జబ్బుపడ్డారట, కొందరు నిద్రించారట. మందిరం మాటల్లో నిద్రించడమంటే చనిపోవడమే, సమాధుల మీద కూడా అట్లాగే రాయిస్తారు. నేను కొంగు తల మీదికి లాక్కుని, నా తప్పులన్నీ తలుచుకుని ఏడ్చాను. పళ్లెం వచ్చింది. ముక్క తీసుకున్నాను. అప్పుడే కళ్యాణి నా మోచెయ్యి గుంజి, "యాడీ, ఆకలి" అంది. మా తండాలో అమ్మను యాడీ అంటారు.

జామకాయైనా, బిస్కెట్టైనా నా చేతికి ఏది వచ్చినా సగం దానికే పోతుంది. చెయ్యి అలవాటు కొద్దీ తుంచేసింది. ముక్క దాని నోట్లో పడ్డాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

మధ్యాహ్నానికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. తర్వాత కళ్లు మూతలు పడసాగాయి. అది చూడగానే కొందరు నిద్రించారన్న అయ్యగారి మాట గుర్తొచ్చింది.

"పండుకోకు బిడ్డా, కండ్లు తెరువు" అని ముఖం మీద నీళ్లు చల్లాను. పాట పాడించాను. ఎక్కాలు అడిగాను. దవాఖానా గుర్తుకు రాకపోలేదు. కానీ దేవుడు వేసిన శిక్షకు డాక్టరు ఏం మందిస్తాడు? ముందు ఆయన క్షమించాలి కదా అని మోకాళ్ల మీద పడ్డాను. రెండు మాటలు ప్రార్థించేలోపే, అది నిద్రపోయిందేమోనని కళ్లు తెరిచి చూసుకున్నాను.

అంతలో నా భర్త జైరాం పత్తి చేను నుంచి వచ్చాడు.

"ఏందే, జ్వరమొచ్చిన పిల్ల మీద నీళ్లు చల్లుతున్నవ్?"

"నిద్రపోతే ఇగ లేవదు."

"ఎవడు చెప్పిండు?"

జరిగిందంతా చెప్పాను. అతను క్రిస్మస్ భోజనానికి తప్ప మందిరానికి రాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"రొట్టెముక్కకు పిల్లను చంపుతడా నీ దేవుడు? గట్లయితే మా అమ్మ మొక్కే మేరామ తల్లే నయం గదనే!"

"గట్లనకు, వింటడు!" అని అతని నోరు మూశాను. ఇప్పుడు ఇద్దరి తప్పూ పిల్ల మీదే పడుతుందని ఇంకా భయపడ్డాను.

అతను పిల్లను భుజాన వేసుకుని బయలుదేరాడు. తండాలో ఆటో ఉన్నది అయ్యగారికే. "రొట్టె సంగతి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాడు జైరాం. మందిరంలోంచి వెళ్లగొడితే వెళ్లగొట్టనీ అనుకుని, ఆటో గుంతల్లో ఎగురుతుంటే వెనకనుంచి నేనే చెప్పాను.

అయ్యగారు హ్యాండిల్ తిప్పి ఓ గుంత తప్పించారు.

"తప్పే బాలమ్మా" అన్నారు. "బల్లంటే ఆట గాదు. పిల్ల ఎదిగి, తెలుసుకుని, తనంతట తనే రావాలె."

నా ప్రాణం పోయినట్టైంది.

"ఇంకోటి ఇను. వాన మోతకు పొద్దున జల్దీ ముగించిన, సగమే చెప్పిన. బైబిల్ రాసిన కాలంల ఉన్నోళ్లు బల్లకు ముందుగాల వచ్చి కడుపునిండ తిని, లేనోళ్లను ఆకలితో కూసోబెట్టిండ్రు. ఆ జబ్బు, చావు మాట వాళ్లకు చెప్పింది. నువ్వు భయపడితే పిల్లను ఖాళీ కడుపుతోని తెచ్చినందుకు భయపడు."

"మరి ఇది శిక్ష కాదా అయ్యగారూ?"

"నాకేమెరుక? దేవుడు నాకు ఫోన్ జేస్తడా? ఇంట్ల దోమతెర కట్టినవా?"

"కోళ్లగూటికి కట్టింది" అన్నాడు జైరాం.

"మంచిగ జేసింది. కోళ్లకు జ్వరం రాదు."

మండలం దవాఖానాలో నర్సమ్మ వేలు పొడిచి రక్తం చూసి, మలేరియా అంది. మాత్రలు మింగించి, గ్లూకోజు పెట్టింది. "సమయానికే తెచ్చిండ్రు. ఇగ పండుకోనియ్యమ్మా, మస్తు నీరసపడ్డది" అని పక్క మంచం వైపు వెళ్లిపోయింది.

కళ్యాణి నా వైపు చూసింది. ఎర్రబడ్డ కళ్లను బలవంతంగా తెరిచి ఉంచుకుంది.

"యాడీ, పండుకోనా?"

జైరాం నన్నే చూస్తున్నాడు. ఆ ఒక్క మాట అనడానికి నాకున్న విశ్వాసమంతా కావలసి వచ్చింది.

"పండుకో బిడ్డా" అన్నాను.

అనగానే కళ్లు మూసుకుంది. నేను మోకరించలేదు, కళ్లు మూసుకోలేదు. దాని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. అది పైకి లేచినప్పుడల్లా "ప్రభువా" అన్నాను. కిందికి దిగినప్పుడల్లా, మళ్లీ లేచేదాకా ఊపిరి బిగబట్టుకున్నాను.