గ్రహణం కుండలు

రోహిణి కార్తె ఎండ నడినెత్తిన నిలిచింది. ఎస్తేరు పంపుహౌసు గోడ పక్కన వంగి, వాల్వు కింద కారే నీటిని రేకు డబ్బాతో బకెట్లలోకి ఎత్తుతోంది. నీరు నూలుపోగంత సన్నగా కారుతోంది. రెండు బకెట్లు నిండేసరికి నడుము పట్టేసింది. హాస్టళ్లు మూసి నెల దాటింది. పిల్లలున్న రోజుల్లో వంటశాల వెనక గిన్నెలు కడిగిన నీళ్లు కాలువ కట్టి పారేవి. ఇప్పుడు ఆ కాలువలో చీమలు కూడా తిరగడం లేదు.

బకెట్లు రెండు చేతులా పట్టుకొని ఆమె లేచింది. కుడికాలి చెప్పు తెగితే తీగతో కట్టుకుంది. అడుగు వేసినప్పుడల్లా ఆ తీగ వేలికి గీసుకుంటోంది. గేటు దగ్గర నుంచి లైబ్రరీ దాకా వరుసగా నిలిచిన మొక్కలవి: కానుగ, వేప, మధ్య మధ్య నేరేడు. పోయిన వానాకాలం నూటపది పెట్టారు. వాటిలో తొంభై నాలుగు బతికి ఉన్నాయి. ఒక్కో మొక్క పక్కన మెడ దాకా పాతిన మట్టి కుండ ఒకటి, దాని మూతి మీద పెంకు ముక్క. ఎస్తేరు పెంకు తీసి, కుండలో నీళ్లు పోసి, మళ్లీ మూసింది. కుండ అడుగున చిల్లి, ఆ చిల్లిలో నూలు వత్తి. నీరు ఆ వత్తి వెంట బొట్టు బొట్టుగా వేరుకు దిగుతుంది. ఒకసారి నింపితే నాలుగు రోజులు చూడనక్కరలేదు. మొక్క చుట్టూ ఆమె ఎండుటాకులు మందంగా పరిచింది. ఆకులు ఊడ్చి తగలబెట్టమన్నది ఆఫీసు వాళ్ల మాట. తగలబెడితే బూడిద, పరిస్తే నేలకు కప్పు అని ఆమెకు తెలుసు.

మేస్త్రీ రాయమల్లు వరండా నీడలో కూర్చుని బీడీ వెలిగించాడు.

"ఏమే ఎస్తేరూ, మతి గిట్ల పోయిందా? గీ ఎండల నీళ్లు మోసుడేంది? జర సల్లగ కూసోరాదు. సూపరింటెండెంటు సారు సుత లేడాయె."

"నేను కూసుంటే అవి వాడి పంటయన్నా."

"పండనియ్యి. నీ బిడ్డలా ఏంది?"

"బిడ్డలైతె పెద్దగై రైలెక్కి పోతుండె. ఇవి యాడికి పోవు."

రాయమల్లు నవ్వాడు. "అయితె మంచిగ మొయ్యి. రేపు సారొస్తాండు. నీకు శాలువ కప్పుతడు."

హాస్యానికన్న మాటే అయినా ఎస్తేరు మనసు కాస్త తేలికపడింది. రేపు సారుకు చూపించవచ్చు.

ఆమెకు యాభై ఏళ్లు దాటాయి. ఉర్సుగుట్ట అవతల ట్రస్టు వాళ్లు నడిపే ఈ కాలేజీలో పదకొండేళ్లుగా ఊడ్చే పని. రోజుకు నాలుగున్నర రూపాయలు. పని చేసిన రోజుకే కూలి. ప్రతి నెలా మొదటి తారీఖున సూపరింటెండెంటు మస్టరులో పేరు రాస్తేనే ఆ నెల పని ఉన్నట్టు. భర్త ఏలియా కాజీపేట లోకోషెడ్డులో బొగ్గు ఎత్తేవాడు. అతను పోయిన ఏడే ఆమె ఇక్కడికి వచ్చింది. పిల్లలు లేరు. ప్రతి ఏప్రిల్‌లో చదువు ముగిసిన హాస్టలు పిల్లలు పెట్టెలు నెత్తిన పెట్టుకొని "పోయొస్తం అవ్వా" అంటారు. మళ్లీ వచ్చేది ఎవరూ ఉండరు. అయినా ఆమె ప్రతి ఒక్కరికీ "రా బిడ్డా" అనే చెప్పేది.

అయిదేళ్లుగా ఏటా జులైలో వనమహోత్సవం చేస్తున్నారు. పెద్దవాళ్లెవరో వచ్చి ఇత్తడి చెంబుతో నీళ్లు పోస్తారు. ఫోటో తీస్తారు. ఉగాది నాటికి మొక్కలన్నీ పుల్లలవుతాయి. మళ్లీ జులైలో అవే గుంతల్లో మట్టి గీకి కొత్త మొక్కలు పెడతారు. ఆ మట్టి గీకింది కూడా ఎస్తేరే. ఆ నేల చెడ్డదని, అక్కడ ఏదీ నిలవదని ఆమె అయిదేళ్లు అనుకుంది. వేరే విధంగా అనుకోవలసి ఉంటుందని ఆమెకు తోచలేదు.

ఈ ఏడు మాఘ అమావాస్యకు పట్టపగలు సూర్యగ్రహణం పట్టింది. వీధుల్లో కుక్క కూడా తిరగలేదు. మర్నాడు పొద్దున పనికి వస్తుంటే కొత్తవాడ సందుల మొదట్లో కుండలు కుప్పలుగా పడి ఉన్నాయి. గ్రహణం పట్టిన కుండలో వండుకోరు, నీళ్లు పోసుకోరు. మైలపడిందని ఇంటింటివాళ్లూ తెచ్చి పారేశారు. పగలనివి, చెక్కు చెదరనివి ఎన్నో ఉన్నాయి. ఎస్తేరు వంగి ఒకదాన్ని ఎత్తింది. పక్కన నడుస్తున్న చిలుకమ్మ రెండడుగులు వెనక్కి దూకింది.

"ఓసి ఎస్తేరూ, ముట్టకే! గ్రహణం వట్టినయవి."

"మీకు వట్టింది. మా ఏసయ్యకు వట్టలే."

"ఆహా! మీకు సూర్యుడు వేరే ఉన్నడా ఏందే?"

ఇద్దరూ నడిరోడ్డు మీద నవ్వుకున్నారు. చిలుకమ్మ ఆమెతో పాటే ఊడ్చేది. భర్త వెంకట్రాజం జంపఖానాలు నేసేవాడు. ఎస్తేరు తండ్రి డోర్నకల్‌లో రైలుకట్ట పక్కన బీరపాదు పెట్టి, దాని మొదట్లో కారే కుండ పాతేవాడు. ఎస్తేరుకు అది గుర్తొచ్చింది. ఆ వారమంతా ఆమె గంపలతో కుండలు మోసింది. చిలుకమ్మ గుంత తవ్వేది, కుండను మాత్రం ముట్టేది కాదు. ఎస్తేరు కుండ దించి మట్టి కప్పాక, "ఇగ మట్టిల వడ్డది, మట్టేనాయె" అని చెయ్యి వేసి అదిమేది. వత్తులకు నూలు చిలుకమ్మే తెచ్చింది. మగ్గం కింద రాలిన పోగులను వెంకట్రాజం రాత్రి పేని ఇచ్చేవాడట.

ఉగాది అయ్యాక మగ్గం సేటు పని తగ్గించాడు. కొత్తవాడలో చాలామంది మగ్గాల పని దొరికే భీవండి దారి పట్టారు. వెంకట్రాజం కూడా మూట కట్టాడు. ఎస్తేరు సగం పూట కూలి వదులుకొని కాజీపేట స్టేషనుకు పోయింది. బొంబాయి బండి నిలిచేది కాసేపే. జనంలో వాళ్లెక్కిన రైలు పెట్టె వెతుక్కునే సరికి బండి కదిలింది. కిటికీ చువ్వల మధ్య చిలుకమ్మ ముఖం కనబడింది. "మూలకున్న కానుగకు వత్తి మార్చే! మురిగింది!" అని అరిచింది. "మారుస్త తీ" అంది ఎస్తేరు. అంతే. ఇద్దరికీ చదువు లేదు. ఉత్తరమనేది ఉండదు. పదేళ్ల స్నేహానికి ఆ ఒక్క మాటేనా అని ఎస్తేరు చాలా రోజులు బాధపడింది. తర్వాత ఆ మాటైనా మిగిలింది అనుకుంది.

రాయమల్లు శాలువ మాట అన్న మర్నాడు పొద్దున సూపరింటెండెంటు రాజేశ్వర్ రావు ఆఫీసు తెరవగానే ఎస్తేరు గడప దగ్గర నిలబడింది. ఎవరూ పిలవకుండా ఆమె ఆ గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి.

"సారూ, ఈపారి గుంతలు తవ్వే పని లేదు. చెట్లు బతికినయి."

ఆయన కాగితాల నుంచి తల ఎత్తాడు. "ఏ చెట్లు?"

"పోయినేడు పెట్టినయి సారు. గేటు కాడికెల్లి లైబ్రరీ దాక. మీకు ఖర్చు తప్పింది."

ఆయన సంతోషిస్తాడని ఆమె ఎదురుచూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

"నిన్నెవరు బతికించుమన్నరు?"

"ఎవ్వలనలే సారు."

"గుంతలు ఖాళీగున్నయని నేను రాసి పంపిన. నూటపది నీలగిరి మొక్కలు శాంక్షనైనయి. కొత్త గుంతలకు పైసలు సుత వచ్చినయి. జులైల మినిస్టరొస్తాండు. ఆయన మొక్క యాడ పెట్టాలె? నీ చెట్టు నెత్తి మీదనా?"

ఏం తప్పు చేసిందో ఎస్తేరుకు పూర్తిగా తెలియలేదు. అయిదేళ్లుగా నేల చెడ్డదనుకున్నది మాత్రం నిజం కాదని ఆ క్షణాన అర్థమయింది. మొక్కలు చస్తేనే ఏటా కొత్త గుంతల పైసలు వస్తాయి.

రాజేశ్వర్ రావు లేచి బయటికి వచ్చాడు. రాయమల్లు వెంట నడిచాడు. ఆయన మొదటి మొక్క దగ్గర ఆగి పెంకును బూటుతో తోశాడు.

"ఈ కుండలేంది?"

అబద్ధం చెప్పడం ఎస్తేరుకు రాదు. "గ్రహణం నాడు పారేసినయి సారు. కొత్తవాడల."

రాయమల్లు చటుక్కున వెనక్కి జరిగాడు. రాజేశ్వర్ రావు ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనబడింది. వెతుకుతున్న కాగితం దొరికినవాడిలా తల ఊపాడు.

"మైల కుండలు తెచ్చి సదువుల తల్లి ఉన్న జాగల పాతినవా? తెలిస్తే పేరెంట్లు ఊకుంటరా? రాయమల్లూ, శనివారం మనుషులను తీస్కరా. కుండలు, చెట్లు అన్నీ తియ్యాలె."

శనివారం పొద్దున గీసుకొండ దిక్కు నుంచి ఎనిమిది మంది కూలీలు గడ్డపారలు భుజాన వేసుకొని వచ్చారు. ముందున్నవాడి పేరు సారయ్య. ఎస్తేరు చీపురు పట్టుకొని దూరంగా నిలబడింది. వాళ్లు మొదటి మొక్క దగ్గరికి పోయారు, వంగారు, పెంకు చూశారు. తర్వాత ఒక్కరొక్కరుగా లేచి గోడ నీడకు పోయి కూర్చున్నారు.

రాజేశ్వర్ రావు వచ్చేసరికి అందరూ బీడీలు తాగుతున్నారు.

"ఏమైందిర?"

"గ్రహణం కుండలట గద సారు," అన్నాడు సారయ్య. "మేస్త్రీ చాయ హోటల్ల చెప్పిండు. మా ఇంటిది కడుపుతోని ఉన్నది. నేను ముట్ట."

"చేతితోని ఎవడు ముట్టుమన్నడు? గడ్డపారతోని పొడువు."

"గడ్డపార ఇంటికే తీస్కపోవాలె గద సారు."

మిగిలినవాళ్లు తలలు వంచుకొని నవ్వు ఆపుకున్నారు. రాజేశ్వర్ రావు రాయమల్లు వైపు చూశాడు. రాయమల్లు నేల చూశాడు. ఆయన గొంతు మార్చి పిలిచాడు.

"ఎస్తేరమ్మా, గిటు రా."

పదకొండేళ్లలో ఆయన నోట ఆమె పేరు చివర అమ్మ రావడం అదే మొదలు.

"మీకు గీ పట్టింపులు లేవు గద. నువ్వే పెట్టినవు, నువ్వే తీసెయ్యి. రెండు దినాల పని. పర్మనెంటు లిస్టుల నీ పేరు పెడ్త. నెల జీతమొస్తది, ముసలితనంల పింఛనొస్తది. ఫికర్ ఉండది."

పర్మనెంటు అనే మాట కోసం ఎస్తేరు ఎన్ని మొదటి తారీఖులు ఆ వరండాలో నిలబడిందో ఆమెకే తెలుసు. ఇంట్లో సేరు బియ్యం ఉన్నాయి. పైకప్పులో రెండు పెంకులు పోయాయి, వానాకాలం ముందుంది. సారయ్య తన గడ్డపారను నేల మీద ఆమె వైపు దొర్లించాడు. అందులో ఎగతాళి లేదు. పని ఎవరిదో వాళ్లకే అప్పగించినట్టు దొర్లించాడు.

ఆమె గడ్డపార తీసుకొని మొదటి మొక్క దగ్గరికి నడిచింది. చిన్న కానుగ. నడుమెత్తు కూడా లేదు. కొసన రాగిరంగు చిగురు వేసింది. ఎస్తేరు మోకాళ్ల మీద కూర్చొని పెంకు తీసి లోపల చెయ్యి పెట్టింది. ఆ మండుటెండలో కుండ లోపలి గోడ చల్లగా తగిలింది. చెయ్యి అలాగే ఉంచింది. అందరూ చూస్తున్నారు. సలహా అడగడానికి పక్కన ఎవరూ లేరు. ఉండి ఉంటే చిలుకమ్మ ఏమనేదో ఊహించడానికి ప్రయత్నించింది. ఏమీ వినబడలేదు. ఈ మాట తానే అనాలి.

చెయ్యి బయటికి తీసి పెంకు మూసింది.

"నాతోని కాదు సారూ."

"ఏమన్నవ్?"

"నేను పీక." భయమేసింది. అయినా మాట ఆగలేదు. "వాళ్లకు గ్రహణం పట్టింపున్నది. నాకు సుత ఒక పట్టింపున్నది. పచ్చగున్నదాన్ని పీక."

"ఎస్తేరూ, సోంచాయించి మాట్లాడు. ఒకటో తారీఖు ఎంతో దూరం లేదు."

"ఎరుకే సారు."

"నీ పేరు రాయ."

"రాయకు సారు."

గోడ నీడలో బీడీలు ఆరిపోయాయి. ఆమె వైపు ఎవరూ రాలేదు. ఒక్కడూ ఆమెను మెచ్చుకోలేదు, తిట్టలేదు. సారయ్య ఆమెను చూసి చప్పున ముఖం తిప్పుకున్నాడు. రాజేశ్వర్ రావు రాయమల్లు పేరు పట్టి అరిచాడు. రాయమల్లు "సారూ" అన్నాడు, నిలబడ్డ చోటు నుంచి కదలలేదు.

ఎస్తేరు లేచింది. ఎండకు కళ్లు చీకట్లు కమ్మాయి. ఎటు పోవాలో తెలియక మొక్క పక్కనే నిలబడిపోయింది. ఆమెకూ గోడ నీడకూ మధ్య ఎర్రమట్టి మీద గడ్డపార పడి ఉంది. ఇనుము కాలుతోంది. వంగి తీసేవాళ్లు ఎవరూ లేరు.