నా పాజ్ బటన్ పనిచేయదు

నేను ఒక టేప్ రికార్డర్‌ని. నా ముందు వరసగా ఆరు బటన్లున్నాయి. అయిదు చెప్పిన మాట వింటాయి, ఆరోది వినదు. నన్ను వాడిన మగమహారాజులిద్దరూ ఆ ఆరోదాన్ని తిట్టినవాళ్లే. అయినా ఇవాళ నేను ఒక కొండ ఊరి అంగన్‌వాడీలో, గోడ గూట్లో, పూలగుడ్డ కప్పుకుని దర్జాగా కూర్చున్నానంటే అదంతా ఆ ఆరో బటన్ చలవే.

పుట్టింది జపాన్‌లో. ఫ్యాక్టరీలో తెల్ల చేతితొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నా స్క్రూలు బిగించి, నన్ను చెవి దగ్గర పెట్టుకుని విని, బాగుందన్నట్టు తల ఊపింది. నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. రెండో మనిషి దొరకడానికి నాకు నలభై ఏళ్లకు పైనే పట్టింది.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. మొదటి యజమాని రేవులో గుమాస్తా. ఆయనకు రేడియోలో వచ్చే పాటలన్నీ క్యాసెట్లలోకి ఎక్కించాలని పిచ్చి. పాట అయిపోయి సబ్బు ప్రకటన రాగానే పాజ్ నొక్కేవాడు, మళ్లీ పాట రాగానే వదిలేవాడు. అలా రెండేళ్లు ఆ సబ్బులతో యుద్ధం చేశాక నా పాజ్ బటన్ లోపలి స్ప్రింగు చేతులెత్తేసింది. నొక్కితే లోపలికి వెళ్తుంది, వదిలితే పైకొస్తుంది, టేపు మాత్రం ఆగదు. పాటల మధ్యలో సబ్బులు వినబడటం మొదలయ్యాక ఆయనకు నా మీద మోజు తీరిపోయి, విజయనగరం నుంచి వచ్చిన పరాంకుశం గారికి నన్ను అమ్మేశాడు. బటన్ సంగతి ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరు మనుషులు బేరమాడుకుంటుంటే మధ్యలో వస్తువు నోరు విప్పకూడదని మా మర్యాద.

పరాంకుశం గారు అప్పుడే భాషాశాస్త్రం చదివి ఉద్యోగంలో చేరారు. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ భుజాన సంచీ. ఆయన ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒకరోజు మామగారు భోజనాల దగ్గర అడిగేశారు.

“అల్లుడుగారూ, ఇంతకీ మీరు చేసే పనేటండి?”

“మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషలు ఉంటాయండి. అవి పోకముందే వెళ్లి విని, రాసి పెడతాను.”

“అంటే, వినడానికి జీతం ఇస్తారా?”

“ఇస్తారండి.”

మామగారు తన కూతురి వైపు చాలా జాలిగా చూశారు. తర్వాత పప్పు వడ్డించమన్నారు.

ఆ వేసవిలోనే నన్ను భుజాన వేసుకుని పరాంకుశం గారు కొండలెక్కారు. బస్సు దిగాక ఆరు మైళ్ల నడక. ఆ ఊరి పేరు, ఆ భాష పేరు నేను చెప్పను. మా వృత్తిలో ఒక నియమం ఉంది. మాట ఎవరిదో వాళ్లను అడగకుండా దాన్ని బయట పెట్టకూడదు. పరాంకుశం గారు ప్రతి క్యాసెట్టు మొదట్లోనూ “అమ్మా, మీ మాటలు రికార్డు చెయ్యొచ్చా?” అని అడిగి, ఆ జవాబు నాలోకి ఎక్కాకే పని మొదలుపెట్టేవారు. మీకు ఈ కథ చెప్పొచ్చా అని ఆ ఊరివాళ్లను నేను అడగలేదు. కాబట్టి భాష పేరు మీరు అడగకూడదు, నేను చెప్పకూడదు.

అక్కడ దొరికింది బుద్రి. నలభై దాటిన మనిషి, గొంతు మాత్రం కొండ అవతలికి వినిపించేది. మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ముందు ఒక దొప్పలో చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి పరాంకుశం గారి చేతిలో పెట్టింది.

“ముందు తాగు బాబూ. తాగనోళ్లకి మా మాట ఇవ్వం.”

అది వాళ్ల పద్ధతి. వేరేవాళ్లు వచ్చి పని మాట్లాడుకోవాలంటే తెలుగు చాలు. తమ సొంత మాటలో మాట్లాడాలంటే మాత్రం ఆ మనిషి ముందు తమ అంబలి తాగి ఉండాలి. అందుకే మేం నింపిన పదకొండు క్యాసెట్లలోనూ అనుమతి తర్వాత మొట్టమొదట వినబడేది పరాంకుశం గారు అంబలి జుర్రుకుంటున్న చప్పుడే.

ఆయన దగ్గర పెద్ద పదాల జాబితా ఉండేది. తల, చెయ్యి, నిప్పు, నీళ్లు. ఒక్కో పదం మూడేసి సార్లు చెప్పమనేవారు.

“ఒకపాలి సెప్తే ఇనబడదేటి? సెవుడా నీకు?” అనేది బుద్రి.

“కాదమ్మా, మా పద్ధతి అంతే.”

“మా అంబలి మా పద్ధతి, మూడుసార్లు అడగడం నీ పద్ధతి. సర్లే, రాసుకో.”

ఆమె చెప్పే పదాలతో నాకు పేచీ లేదు. పదానికీ పదానికీ మధ్య జరిగేదే అసలు సందడి. గింజలు ఆరబెట్టిన చోటికి కోడి వస్తే అదిలించేది. పక్కింటి మనిషి వస్తే పరాంకుశం గారి ముక్కు గురించి ఏదో అని ఇద్దరూ విరగబడి నవ్వేవాళ్లు. నాలుగేళ్ల కూతురు సోమ్రి అంబలి తాగనని మారాం చేస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని బతిమాలేది. ఇదంతా ఆ భాషలోనే. అలాంటప్పుడల్లా పరాంకుశం గారు క్యాసెట్టు దండగైపోతుందని టకటకా పాజ్ నొక్కేవారు. నేను హాయిగా తిరుగుతూనే ఉండేదాన్ని. పూర్తిగా ఆపేసి మళ్లీ మొదలుపెడదామంటే రెండు బటన్లు కలిపి గట్టిగా నొక్కాలి. ఆ చప్పుడుకి కోళ్లు బెదిరేవి, బుద్రి నవ్వేది, చెప్పబోయిన పదం మరిచిపోయేది. విసిగి విసిగి చివరికి ఆయన నన్ను నా దారిన వదిలేశారు. పదాలు ఉన్నచోట పుస్తకంలో పదాలు రాసుకుని, మిగతా చోట్ల ‘రొద, నాలుగు నిమిషాలు’, ‘రొద, తొమ్మిది నిమిషాలు’ అని గుర్తు పెట్టుకునేవారు.

నాకు ఒళ్లు మండేది. పదకొండు గంటలు ఆ భాషలో గడగడా మాట్లాడగలిగే యంత్రాన్ని, నాకు తెలియదా ఏది రొదో!

పదాలు అయ్యాక వాక్యాలు మొదలయ్యాయి. చదువుకున్నవాళ్లకు ఉదాహరణ వాక్యాలంటే భయం ఉండదు. నిజమో కాదో ఆలోచించకుండా ఏదో ఒకటి అనేస్తారు. పరాంకుశం గారు కూడా, ఊరివాళ్లకు తెలిసిన పేరైతే బాగుంటుందని, బుద్రి మరిది పేరు పెట్టి అడిగారు.

“అమ్మా, ‘ఘాసి కోడిని కోసుకుని తిన్నాడు’ అని మీ మాటలో ఎలా అంటారు?”

బుద్రి లేచి నిలబడింది.

“ఆడేనా? నా నల్లకోడి కనబడక మూడ్రోజులైంది! నువ్వు కళ్లారా సూసినావా బాబూ?”

“అయ్యయ్యో, కాదమ్మా, ఇది ఊరికే ఉదాహరణ...”

“లేని మాట ఊరికే నోట్లోకి ఎలాగొస్తాది?”

ఆ భాషలో జరగని సంగతిని జరిగినట్టు చెప్పమని అడిగినవాడు అంతవరకూ ఎవడూ లేడు. బుద్రి వీధిలోకి వెళ్లి ఘాసిని పిలిచింది. పాతికేళ్లవాడు, పాపం, పొలం నుంచి అప్పుడే వచ్చాడు. ఆమె నా ముందే నిలబెట్టి ఆరు నిమిషాలు తిట్టింది. అబ్బ, ఏం తిట్లు! ఎత్తుకుని, దించి, మధ్యలో కోడి గుణగణాలు పొగిడి, మళ్లీ ఎత్తుకుని. ఘాసి జవాబు చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే నా క్యాసెట్టు అయిపోయింది. పరాంకుశం గారు చెమటలు తుడుచుకుంటూ పుస్తకంలో ‘రొద, ఆరు నిమిషాలు’ అని రాసుకున్నారు.

మూడు వేసవులు అలా గడిచాయి. ఆ పదాలతో పరాంకుశం గారు పుస్తకం వేశారు. నేను అటక ఎక్కాను, పక్కనే అట్టపెట్టెలో నా పదకొండు క్యాసెట్లు. కింద మనుషులు పాటల్ని మెరిసే బిళ్లల్లోకి, తర్వాత జేబుల్లోని ఫోన్లలోకి మార్చుకున్నారు. నా లోపలి రబ్బరు బెల్టు కరిగి పాకమైంది. పలకరించే దిక్కు లేక, నేను దాచుకున్న నవ్వుల్ని నేనే తలుచుకుంటూ పడి ఉండేదాన్ని. ఆ రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి.

ఒక ఉదయం అటక తలుపు తెరుచుకుంది. వచ్చింది జమున. బుద్రి మనవరాలు, అప్పటి సోమ్రి కూతురు. భాషల్ని రికార్డు చేసి భద్రపరిచే ఒక ప్రాజెక్టులో ఉద్యోగం. తన ఊళ్లో ఆమెను కూడా ‘ఇదీ ఒక ఉద్యోగమేనా’ అని అడుగుతారట. నాకు వెంటనే మా పరాంకుశం గారి మామగారు గుర్తొచ్చారు.

క్యాసెట్ల పెట్టెను పరాంకుశం గారు అంతకుముందే కిందికి దింపి ఆమెకు ఇచ్చారు. ఆఫీసు యంత్రంలో ఒకటి కొంచెం వేసి చూస్తే బుద్రి గొంతు చిన్నపిల్లలా కీచుమందట. నేను మొదటి నుంచీ కాస్త నెమ్మదిగా తిరిగే రకం. నాలో నింపింది నాలోనే సరిగ్గా పలుకుతుంది. అందుకని నా కోసం వచ్చింది.

పరాంకుశం గారికి డెబ్బై దగ్గరపడ్డాయి. చెవిలో యంత్రం. బుద్రి నోటి చలవ అనుకున్నాను.

“టేపులకి బూజు పట్టేసిందమ్మా,” అన్నారాయన. “ఒక్కసారి తిరిగితే అదే పదివేలు, మళ్లీ తిరుగుతాయన్న నమ్మకం లేదు. రొద అని రాసిన చోట్లన్నీ వదిలేసి, ముందు పదాలు దక్కించుకో.”

“మా ఆఫీసువాళ్లూ అలాగే చెప్పారు మాస్టారూ.” జమున ఆయన పాత పుస్తకం తిరగేస్తూ అంది. “కానీ పదాలన్నీ మీ పుస్తకంలో ఉన్నాయి కదా. నేను చిన్నప్పుడే బట్టీ పట్టేసేను. పద్దెనిమిది వందల నలభై. మా అమ్మని ఆరో ఏట హాస్టల్లో వేసేసేరు, తనకి మాట పోయింది. ఘాసి తాత మర్చిపోయేనంటాడు. అవ్వ పోయేక ఆ మాట మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు. మా పాపకి రెండేళ్లు మాస్టారూ. చెట్టుని చూపించి చెట్టు అనగలను, పిట్టని చూపించి పిట్ట అనగలను. ఒక్క గుక్క తాగవే అని దాన్ని బతిమాలడం మాత్రం నాకు రాదు.”

పరాంకుశం గారు పుస్తకం తీసుకుని, తను రాసిన ‘రొద’లన్నీ వేలితో లెక్కపెట్టారు. అన్నీ కలిపితే నాలుగు గంటల పైమాటే.

“దీని పాజ్ బటన్ పనిచేసేది కాదు జమునా,” అన్నారు చివరికి, నా మీద చెయ్యి వేసి. “ఎంత తిట్టుకున్నానో దీన్ని! అదే పనిచేసి ఉంటే...” అని ఆగిపోయి, గట్టిగా నవ్వేశారు. ఆ నవ్వులో కళ్లు తడిశాయి. నన్ను పూర్తిగా మెచ్చుకున్న రెండో మనిషి ఆయనే.

విజయనగరంలో ఒక రేడియో మెకానిక్కు నాకు కొత్త బెల్టు వేశాడు. పాజ్ కూడా బాగుచేస్తానని స్క్రూడ్రైవరు పెట్టబోతే జమున చెయ్యి అడ్డం పెట్టింది.

“అది మాత్రం ముట్టుకోకండి.”

అంగన్‌వాడీలో, పట్టపగలు, ఊరంతా చుట్టూ కూర్చుంది. జమున నాకూ తన ల్యాప్‌టాప్‌కూ మధ్య తీగ కలిపి, బూజు తుడిచిన క్యాసెట్టు పెట్టి, ఆఫీసు చెప్పింది పక్కన పడేసి, మొదటి నుంచీ తిప్పింది. నాకు భయంగానే ఉంది. ఎక్కడ టేపు పీలిక అవుతుందో అని ఊపిరి బిగబట్టి తిరిగాను. అనుమతి వచ్చింది. అంబలి జుర్రిన చప్పుడు వచ్చింది. మా వెంట వచ్చిన డెబ్బై ఏళ్ల పరాంకుశం గారు సిగ్గుపడ్డారు.

ఇక బుద్రి తిట్లు. గోడకు ఆనుకుని కునుకుతున్న ఘాసి కళ్లు తెరిచాడు. ఇప్పుడు ఆయనకు నెత్తి నెరిసింది, పళ్లు పోయాయి. తిట్లు సాగుతున్నకొద్దీ నిటారుగా కూర్చున్నాడు. క్యాసెట్టు అయిపోయి నేను టక్కున ఆగాను. నలభై ఏళ్ల కిందట నేను ఆగిపోయిన చోటే. ఈసారి ఘాసి ఆగలేదు. నా మొహంలోకి వేలు చూపించి, ఆ భాషలోనే అందుకున్నాడు. తెలుగులో చెప్పాలంటే ఇదీ: “వదినా! నీ నల్లకోడి నీ గాదె కిందే పొదిగింది. పదిహేను రోజులకి పది పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. నువ్వు నన్ను ఒక్క మాటైనా అడిగావా? తప్పైపోయిందన్నావా?”

ఊరు ఊరంతా ఘొల్లుమంది. మర్చిపోయానన్న మనిషి తడుముకోకుండా ఎంతసేపు వాదించాడో! పరాంకుశం గారు లేచి, ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఆ భాషలోనే క్షమాపణ చెప్పుకున్నారు. కొంచెం తప్పులతో చెప్పారు. ఘాసి సరిదిద్దాడు.

తర్వాతి క్యాసెట్టు నడుస్తుండగా జమున కూతురు పూర్ణి అంబలి గిన్నె తోసేసి మూతి తిప్పుకుంది. అదే సమయానికి నాలో చిన్న సోమ్రి కూడా మారాం మొదలుపెట్టింది. బుద్రి గొంతు మెత్తబడింది. ‘నా కొండ చిలకా, ఒక్క గుక్క. ఇది మీ నాన్నది, ఇది నీ పిట్టది, ఇది...’ అంటూ సాగింది. మూలన కూర్చున్న సోమ్రి పెదవులు కదిలాయి. తర్వాతి ముక్క నాకంటే ముందు ఆమె నోట వచ్చింది. తనకే మాటా రాదని అన్నేళ్లుగా చెబుతున్న మనిషి గిన్నె తీసుకుని మనవరాలి ముందు కూర్చుని, తల్లి గొంతుతో గొంతు కలిపి మొత్తం బతిమాలింది. జమున పక్కన కూర్చుని ఒక్కో ముక్కా అందుకుంది. ముగ్గురు అమ్మలు కలిసి అంతలా అడుగుతుంటే ఏ పిల్ల మాత్రం కాదంటుంది? పూర్ణి గిన్నె ఖాళీ చేసింది.

పదకొండు క్యాసెట్లూ తెగకుండా తిరిగాయి. ఒక్కచోట కాస్త గీరుకుంది, అది బుద్రి నవ్వు మధ్యలో కాబట్టి తెలియలేదు. జమున పాత పుస్తకంలో ‘రొద’ అన్న చోటల్లా కొట్టేసి ‘మాటలు’ అని రాసింది. పరాంకుశం గారు ఆ దిద్దుబాటు కింద సంతకం పెట్టారు.

ఆయన అట్టపెట్టెలో సీలు తియ్యని క్యాసెట్టు ఒకటి మిగిలి ఉంది, పన్నెండోది. నిన్న దాన్ని నాలో పెట్టారు. ఘాసి, సోమ్రి, కోళ్లు, పిల్లలు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. జమున రెండు బటన్లూ కలిపి నొక్కి, నియమం ప్రకారం, మూతి చుట్టూ అంబలి పూసుకున్న పూర్ణి వైపు వంగి ఆ భాషలో అడిగింది, నీ మాటలు రికార్డు చెయ్యొచ్చా అని.

జవాబు నాలో ఉంది. అది ఏ భాషలో వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.