చొక్కా చేతిలో ఉడికిన పుడ్డింగు

కొవ్వు, పిండి కలిపి ఉడికించే ఈ పుడ్డింగును మనుషులు నిజంగా ఇష్టపడి తింటారా, ఎదుట పెట్టారు గనుక తింటారా అన్నది ఎనిడ్‌కు ఏళ్ల తరబడి తేలని సందేహం. ఆ ఉదయం కూడా ఆ సందేహంతోనే వంటగదిలో నిలబడి, ఎద్దు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు మీది పొర ఒలుస్తోంది. పొర తడి కాగితంలా వేళ్లకు అంటుకుంటోంది. కొవ్వు గోళ్ల సందుల్లోకి చేరి మైనంలా బిగుసుకుంటోంది. ఆరిపోయిన కొవ్వొత్తిని తడి కంబళిలో చుట్టినట్టుంటుంది ఆ వాసన. ఎనిడ్ ముఖం పక్కకు తిప్పుకుని, నోటితో గాలి పీలుస్తూ, కొవ్వు తురమసాగింది.

చిన్నప్పుడు బడిలో ఒకరోజు, చల్లారి అంచుల్లో కొవ్వు పేరుకున్న పుడ్డింగు ముద్ద ముందు టీచరు ఆమెను కూర్చోబెట్టింది. అది అయ్యేదాకా లేవకూడదంది. పిల్లలందరూ ఆటకు పోయారు. ఎనిడ్ కళ్లు మూసుకుని మింగింది, అక్కడే కక్కుకుంది. మళ్లీ దాన్ని నోట పెట్టలేదు. కానీ బతుకంతా దాన్ని వండుతూనే గడిచింది. మొదట అదే బడి వంటశాలలో, తర్వాత చర్చి వాళ్లు నడిపే ఈ వృద్ధాశ్రమంలో. రోజూ వడ్డించి, తల వంచి, దేవుడికి కృతజ్ఞత చెప్పేది. కడుపులో తిప్పుతుండగా చెప్పిన కృతజ్ఞత చెల్లుతుందా అని పాస్టరుగారిని అడగాలనుకుంది. ఆయన తన వంతు పుడ్డింగును పళ్లెం అంచుకు నెట్టేయడం చూసి ఊరుకుంది.

ఇప్పుడు ఆ వండే పని కూడా లేదు. పుడ్డింగులు ప్లాస్టిక్ కప్పుల్లో వస్తున్నాయి. వేడిచేసి, పైన పచ్చటి జిగురులాంటి కస్టర్డ్ పోస్తే చాలు. ముసలివాళ్లు రెండు చెంచాలు తిని వదిలేస్తారు. ఎనిడ్ ఆ ఎంగిలినంతా గీకి బకెట్లో పోస్తుంది. విల్ఫ్రెడ్ క్లెగ్ అయితే తన వంతు ఎవరూ చూడకుండా కిటికీలోని పూలకుండీలో కలిపేవాడు. ఆ మొక్క కుళ్లి చచ్చిపోయింది.

విల్ఫ్రెడ్ ఒకప్పుడు ఎనిడ్ వాళ్ల వీధిలోనే ఉండేవాడు, మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు. వారం నుంచి ఏమీ తినడం లేదు. ఏదడిగితే అది పెట్టండని డాక్టరు చెప్పి వెళ్లాడు. నిన్న విల్ఫ్రెడ్ ఎనిడ్‌ను పిలిచి అడిగాడు.

“నాకు శవం చెయ్యి వండిపెట్టు పిల్లా.” చొక్కా చేతిలో దూర్చి ఉడికించే జామ్ పుడ్డింగుకు వాళ్ల వీధిలో ఆ పేరు.

“ఈ రోజుల్లో అదెవరు తింటారు పెద్దాయనా?”

“నేను తింటా. అయినా నువ్వు మా ఇంటికి బాకీ. మీ అమ్మ పోయినప్పుడు మా ఆవిడ నెల్లీ గిన్నెనిండా చేసి పంపితే, గిన్నె ఖాళీగా తెచ్చిచ్చావు. తను ఆ పూటంతా ఆ గిన్నె వంకే చూస్తూ కూర్చుంది.”

ఎనిడ్ ముఖం ఎర్రబడింది. ఆ వీధిలో ఎవరూ గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. కనీసం రెండు గుడ్లయినా వేసిస్తారు. పుడ్డింగుకు పుడ్డింగే బదులు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఉద్యోగంలో ముట్టుకునే కొవ్వు చాలదా, ఇంట్లో కూడానా అని అప్పుడు వాయిదా వేసింది. తర్వాత నెల్లీ పోయింది.

“గుడ్డలో చుట్టకు. చొక్కా చేతిలోనే ఉడకాలి,” అని విల్ఫ్రెడ్ తన పాత చొక్కా ఇచ్చాడు.

ఎనిడ్ కొవ్వు, పిండి కలిపి చపాతీలా ఒత్తింది. గింజలున్న రాస్‌బెర్రీ జామ్ పూసి, చాపలా చుట్టింది. కత్తిరించిన చొక్కా చేతిని తడిపి, లోపల పిండి చల్లి, చుట్టను అందులోకి దూర్చింది. ఉబ్బడానికి చోటుంచి రెండు కొసలా దారం కట్టింది. మరుగుతున్న నీళ్లలో అది నిజంగానే మనిషి చెయ్యిలా పొర్లుతోంది.

గిన్నెలు కడిగే డోరీన్ లోపలికొచ్చి ముక్కు మూసుకుంది.

“ఎవర్ని వండుతున్నావే? పోలీసులకు చెప్పాలా?”

“నీ పని చూసుకో.”

“వాంతి వచ్చేలా ఉంది. ఆ ముసలాయన తింటాడనేనా? కుండీలో ఇంకా బోలెడు చోటుంది.”

ఎనిడ్ పొయ్యి మంట తగ్గించింది. తన భయం కూడా అదే.

మధ్యాహ్నానికి దారం తెంపి గుడ్డ ఒలిచింది. పాలిపోయి, తడిసి, మీద చొక్కా నేత అచ్చుపడిన ముద్ద. కొసలోంచి జామ్ నెత్తురులా కారుతోంది.  ఎనిడ్ దాన్ని పళ్లెంలో పెట్టి తీసుకెళ్లింది.

విల్ఫ్రెడ్ కళ్లు మూసుకుని వాసన పీల్చాడు. 

“ప్రార్థన నువ్వే చెప్పు.”

ఎనిడ్ చెప్పింది. కడుపులో తిప్పుతూనే ఉంది.

“నువ్వూ ఒక ముక్క తినకూడదూ?”

“నావల్ల కాదు పెద్దాయనా.”

“సరేలే. బలవంతం చేసిన ఆ టీచరమ్మ సంగతి మీ అమ్మ చెప్పేది, ఆవిడ ఎప్పుడో పోయింది.” కొద్దిగా నవ్వాడు. “ఇక వెళ్లు. ఎవరైనా చూస్తుంటే నాకు ముద్ద దిగదు.”

ఆమె తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీగా ఉంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎనిడ్‌కు నమ్మకం కలగలేదు. చప్పుడు కాకుండా కుండీలో మట్టి కదిపి చూసింది. చెత్తబుట్ట చూసింది. మంచం కిందికి వంగి చూసింది. ఎక్కడా ఏమీ లేదు. లేచి దుప్పటి సర్దబోతూ ఆయన భుజం తాకింది. అది కదలలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

డోరీన్‌ను పిలిచింది. డోరీన్ ఈసారి జోకులేయలేదు. డాక్టరుకు ఫోను చేయడానికి వెళ్లింది.

ఎనిడ్ కుర్చీలో కూర్చుంది. ఏ మాటలతో ప్రార్థించాలో తోచలేదు. మంచం పక్క బల్ల మీద గాజుగ్లాసు ఉంది. పడుకునే ముందు ఆయన తీసి నీళ్లలో వేసిన కట్టుడుపళ్లు అందులో ఉన్నాయి. ఇతరుల పళ్లంటే ఎప్పుడూ చూపు తిప్పుకునే మనిషి, ఈసారి ముందుకు వంగి చూసింది. నీళ్లు లేత గులాబీరంగుకు తిరిగాయి, రెండు దంతాల సందున ఒక రాస్‌బెర్రీ గింజ ఇరుక్కుని ఉంది.