విశ్వాసం మీద ముసుగు

బొలోన్యాలో మా పేట చర్చికి మూడు సుగుణాలను ఆడరూపాలుగా గీసే పని మా ఆయన బల్దస్సారెకు దొరికింది. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. ఆ ముఖాలు బలిపీఠం పైన తరతరాలు నిలిచిపోతాయి. అందులో ఒకటి నాదవ్వాలని ఎంత ఆశపడ్డానో!

లంగరు పట్టుకునే నిరీక్షణకు వాళ్ళ మేనత్తను కూర్చోబెట్టాడు. ముసలావిడ, పోనీలే అనుకున్నాను. బిడ్డకు పాలిచ్చే ప్రేమకు మాత్రం ఎదురింట్లో బట్టలుతికే లౌదోమియాను పిలిచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నాకేం తక్కువండీ?”

“చంకలో బిడ్డ ఉండాలి కదే,” అన్నాడు, మాకు పిల్లల్లేరన్న సంగతి చాలా మామూలు విషయమైనట్టు. “నువ్వు విశ్వాసానికి కూర్చో. ముసుగుంటుంది.”

“ముసుగేస్తే నేనని ఎవరికి తెలుస్తుంది?”

“ముందు ముఖం గీస్తా. ఆరాక దానిమీద పల్చగా తెలుపు వేస్తా. కింద ఉండేది నువ్వేగా, పిచ్చిదానా!”

కరిగిపోయాను. ఈస్టరు ముందటి ఉపవాసాల రోజులన్నీ ముఖం మీద గుడ్డతో, ద్రాక్షారసం గిన్నె ఎత్తిపట్టుకుని కూర్చున్నాను. మెడ పట్టేసింది.

“నీకేం హాయి అక్కా, ముఖం కడుక్కోకపోయినా పర్వాలేదు!” అని లౌదోమియా గుమ్మంలోంచి పళ్ళికిలించేది. దాని గడ్డం మీద సొట్ట. అదంటే దానికెంత మురిపెమో!

ఒకరోజు మా ఆయన ముసుగుకు తెలుపు నూరిపెట్టమని చెప్పి బయటికెళ్ళాడు. గోడవైపు తిప్పి ఉన్న పటాన్ని ఇటు తిప్పి చూశాను. గిన్నె పట్టిన చేతులు నావే. భుజాలు నావే. గడ్డం మీద మాత్రం సొట్ట!

రాగానే నిలదీశాను. “ఈ ముఖం ఎవరిదండీ?”

“గుడ్డ కింద నీ ముఖం కనబడలేదే. చేతికి అలవాటైన ముఖం వచ్చేసింది. ఎలాగూ కప్పేస్తాగా.”

“అలవాటైందా!” తెలుపు తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టాను. “పల్చగా కాదు, మందంగా కప్పండి. నా కళ్ళముందే. లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదు.”

పొర మీద పొర వేశాడు.

ఈస్టరు నాడు ఫాదరు తెగ మెచ్చుకున్నాడు. “విశ్వాసమంటే ఇదమ్మా! కనబడకపోయినా నమ్మడం.” లౌదోమియా బిడ్డనెత్తుకుని తన బొమ్మ కింద వెలిగిపోతూ నిలబడింది.

రంగుల మధ్య బతికినదాన్ని, నాకు తెలియదా? ఏళ్ళు గడిచేకొద్దీ నూనె రంగు పల్చబడుతుంది, కింద కప్పెట్టింది పైకి తేలుతుంది. అందుకే ప్రతి ఆదివారం అందరికంటే ముందెళ్ళి విశ్వాసం ఎదుటే మోకరిస్తాను. “ఒర్తెన్సియాది ఎంత భక్తో!” అని వెనకాల నా గురించి చెప్పుకుంటారు. నేను చూసేది ఆ గడ్డాన్నే, సొట్ట బయటపడిందేమోనని.